రౌండు బాకీ: గాల్వేలో ఆరు రోజులు

విజయవాడ తిరిగొచ్చి పది రోజులైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చేయలేదు. చేసేలోపే ఇది రాసేయాలి. నా సంగతి నాకు తెలుసు, బట్టలు బీరువాలోకి వెళ్లాయంటే జ్ఞాపకాలూ వాటితోపాటే మడతపడిపోతాయి.

అమ్మాయి, అల్లుడు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉంటారు. మార్చిలో వెళ్లాను. జూన్ ఆఖరుకి మనవడికి బడి సెలవులిచ్చారు. ఇక చూడండి, పొద్దున ఇడ్లీ నుంచి రాత్రి కథ దాకా నాకు ఫుల్ డ్యూటీ. "ఒక్క వారం నన్ను వదిలేయండర్రా, పడమటి ఒడ్డున గాల్వేలో సినిమా పండగ ఉంది, వెళ్లొస్తాను" అన్నాను. అల్లుడు లాప్‌టాప్‌లోంచి తలెత్తి, "అక్కడ మీకెవరు తెలుసు అత్తయ్యా?" అన్నాడు. ఎవరూ తెలియదు. తెలిసినట్టు అనిపించే మనిషి మాత్రం ఒకావిడ ఉన్నారు.

ఆ పేరు విన్నది డబ్లిన్‌లోనే. యూస్టేస్ వీధిలో ఐరిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఒకప్పుడు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకున్న మందిరం, 1992 నుంచి సినిమా హాళ్లు. వీలు దొరికినప్పుడల్లా అక్కడికి పోయి కెఫేలో ఒక టీ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు పక్క బల్ల పెద్దాయన మాట కలిపాడు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక ప్రసార సంస్థలో ప్రోగ్రాములు చేసి రిటైరయ్యానని చెప్పగానే, "అయితే మా లీలియా డూలన్ సంగతి మీరు తెలుసుకుని తీరాలి" అని అరగంట చెప్పాడు. మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను.

లీలియా డూలన్ 1934లో కార్క్‌లో పుట్టారు. ఐర్లండ్‌లో టీవీ మొదలైంది 1961 డిసెంబర్ 31 రాత్రి. ఆ తొలి ఏళ్లలోనే ఆవిడ అందులో చేరారు. 'రియర్డన్స్' అనే రైతు కుటుంబం సీరియల్‌కి పనిచేశారు. కథ చెబుతూనే మధ్యలో సేద్యం మంచిచెడ్డలు కూడా చెప్పేవారట. మా నాన్న గట్టు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని వినే పాడిపంటలు గుర్తొచ్చింది నాకు. తర్వాత 'సెవెన్ డేస్' అనే వర్తమాన వ్యవహారాల కార్యక్రమం. 1968లో దాన్ని ప్రోగ్రాముల విభాగం నుంచి తీసి వార్తల విభాగం కింద పెట్టారు. ఆఫీసులో పనిచేసిన వాళ్లెవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు, లోపల ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1969లో ఆవిడ, జాక్ డౌలింగ్, బాబ్ క్విన్ ఉద్యోగాలు వదిలేశారు. ఊరికే వదల్లేదు, టీవీ ఎలా నడుస్తోందో చెబుతూ ముగ్గురూ కలిసి 'సిట్ డౌన్ అండ్ బి కౌంటెడ్' అని ఆ ఏడే ఒక పుస్తకం కూడా రాశారు. ఆ తర్వాత దేశపు జాతీయ నాటకశాల అబ్బే థియేటర్‌కి ఆర్టిస్టిక్ డైరెక్టర్, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మానవశాస్త్రంలో పీహెచ్‌డీ, 1989లో మరికొందరితో కలిసి గాల్వే ఫిల్మ్ ఫ్లా, 1993 నుంచి 1996 దాకా ఐరిష్ ఫిల్మ్ బోర్డు అధ్యక్షత. ఫ్లా అంటే ఐరిష్ భాషలో పండగ.

నేనూ ఒకసారి రాజీనామా రాశాను. తారీఖు కూడా వేశాను. సొరుగులో పెట్టి, రిటైరయ్యే రోజు దాకా అక్కడే ఉంచాను. ఇచ్చేసిన మనిషి ఏం చేసిందో చూడాలనిపించింది. అల్లుడికి ఇదంతా చెప్పలేదు. సినిమాలు అని చెప్పాను.

జూలై 9, 2024, మంగళవారం

గాల్వేలో జూలై నెల గది అద్దెలు చూస్తే కళ్లు తిరిగాయి. మామూలు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి రాత్రికి 110 యూరోలు అడిగారు. ఆ నెల లెక్కన యూరో 90 రూపాయలు వేసుకోండి. అమ్మాయి ఆఫీసులో ఎవరో కుర్రాడి చెల్లెలు ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతోంది. ఆ పిల్ల, ఇంకో ఇద్దరు, ముగ్గురూ తెలుగు వాళ్లే, ఒక ఇల్లు తీసుకుని ఉంటున్నారు. గుంటూరు, ఖమ్మం, అనంతపురం. "డబ్బులేం వద్దు ఆంటీ, ఒక్కపూట పప్పుచారు పెట్టండి చాలు" అన్నారు. అదీ ఒప్పందం.

బ్యాగు పడేసి నేరుగా టౌన్ హాల్ థియేటర్‌కి వెళ్లాను. ఆ సాయంత్రం పండగ ఆరంభం, 'నీక్యాప్' అనే సినిమా. బెల్‌ఫాస్ట్‌లో ఐరిష్ భాషలో ర్యాప్ పాడే ముగ్గురు కుర్రాళ్ల కథ, నటించిందీ వాళ్లే. టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఎవరైనా వాపసు ఇస్తే దొరకొచ్చని ఇంకో లైను ఉంది, అందులో నిలబడ్డాను. వాన. అది వాన అని వాళ్లు ఒప్పుకోరు, "సాఫ్ట్ డే" అంటారు. గంటా ఇరవై నిమిషాలు ఆ మెత్తదనంలో తడిశాను. నా ముందున్న మనిషి దాకా దొరికాయి. నాకు లేదు, నా వెనకావిడకీ లేదు.

వెనకావిడది మేయో కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అరవై దాటి ఉంటాయి. కొడుకు ఒక షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ రికార్డింగ్ చేశాడట, అది శుక్రవారం వేస్తున్నారు, దానికోసం మంగళవారమే వచ్చేసింది. "టీ తాగుదామా?" అంది. మన అలవాటు కదా, "అబ్బే, ఎందుకండీ" అన్నాను. "ఒక్క చుక్క" అంది. "వద్దులెండి" అన్నాను. "చిన్న కప్పు" అంది. మూడోసారికి సరేనన్నాను. తర్వాత ఆవిడే చెప్పింది, వాళ్లలోనూ ఇంతేనట. మొదటిసారికే ఒప్పుకుంటే ఆశపోతు అనుకుంటారు, మూడోసారికీ ఒప్పుకోకపోతే పొగరనుకుంటారు. మొహమాటానికి ఇంగ్లిష్‌లో మాట లేదని నేను ఎన్నోసార్లు అన్నాను. మాట లేకపోతేనేం, మనుషులున్నారు.

టీ చిక్కగా, పాలు పోసి, మన టీకి దూరపు చుట్టంలా ఉంది. స్కోన్ అనే బన్ను మీద వెన్న నేను రాసుకున్నది చూసి ఆవిడ జాలిపడి, కత్తి తీసుకుని దానికి మూడింతలు రాసింది. డబ్బులు ఆవిడే ఇచ్చింది. రేపు నేనిస్తానంటే, "చూద్దాం" అంది.

జూలై 10, బుధవారం

మొట్టమొదటి ఫ్లా జరిగిన హాలు చూడాలని బయల్దేరాను. క్లాడా ప్యాలెస్ అని, సాల్ట్‌హిల్ వైపు ఉండేదని చదివాను. సాల్ట్‌హిల్ అంటే సముద్రం ఒడ్డు పేట. 401 బస్సెక్కి డ్రైవర్ని అడిగాను. అతని వయసు ముప్పై ఉండదు. "ఆ పేరు వినలేదు, సాల్ట్‌హిల్ అయితే ఆఖర్న దించుతా" అన్నాడు. దిగేవాళ్లు ఒక్కొక్కరూ వెనక తలుపు దగ్గర్నుంచి కూడా "థాంక్యూ" అని అరిచి దిగుతున్నారు. నేనూ అరిచాను. బస్సు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి ఎన్నాళ్లయిందో అనుకుంటూ నడిచాను. అసలు ఎప్పుడైనా చెప్పానా అనేది వేరే సంగతి.

సముద్రం పక్కన నడక దారి రెండు మూడు కిలోమీటర్లుంది. నలుగురిని అడిగాను. ఒకాయన ఎడమకి అన్నాడు, ఒకామె వెనక్కి అంది. ఒక కుర్రజంట ఫోన్ తీసి వేరే సినిమా హాలు చూపించారు. ఇక్కడివాళ్లు తెలియదని చెప్పరు. ఏదో ఒకటి చెప్పి సాగనంపడం మర్యాద. మన పల్లెటూళ్లలో "ఇదిగో, ఆ మలుపే" అన్నట్టు.

చివరికి బెంచీ మీద కూర్చున్న ముసలావిడ, కుక్కని ఒళ్లో పెట్టుకుని, నా ప్రశ్న మొత్తం విని నవ్వింది. "ఎస్టోరియానా? నువ్వు దాన్ని బస్సులో దాటుకునే వచ్చావు" అంది. 1939లో కట్టినప్పుడు దాని పేరు ఎస్టోరియా, తర్వాతే క్లాడా ప్యాలెస్. అది నైల్ లాడ్జ్ కూడలి దగ్గర, ఊరికీ సాల్ట్‌హిల్‌కీ మధ్యలో. ఇప్పుడు హాలు లేదు, కూల్చేశారు. పెళ్లికి ముందు తన భర్త ఆ హాల్లో బాల్కనీ టికెట్ కొన్నాడని, సినిమా పేరు ఇద్దరికీ గుర్తులేదని చెప్పింది.

ఒట్టి చేతులతో తిరగడం ఎందుకని, ఇంకో ఆచారం ఉందంటే అది చేసొచ్చాను. నడక దారి చివర ఒక గోడ ఉంటుంది. అక్కడిదాకా నడిచినవాళ్లు గోడని కాలితో ఒక తన్ను తన్ని వెనక్కి తిరగాలి. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందరూ తన్నుతున్నారు. చెప్పు విప్పి తన్నాలేమో అని ఆలోచించి, బూటుతోనే తన్నాను.

తిరుగు దారిలో నైల్ లాడ్జ్ దగ్గర దిగి ఐదు నిమిషాలు నిలబడ్డాను. మామూలు కూడలి. కార్లు పోతున్నాయి. 1989 జూలైలో ఇక్కడ సినిమా పండగ పెట్టాలని అనుకున్నవాళ్ల ధైర్యం ఏపాటిదో తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటికి ఆ దేశంలో ఫిల్మ్ బోర్డు లేదు. రెండేళ్ల క్రితమే, 1987లో, ఖర్చు తగ్గింపులో ఆపేశారు. సినిమాలకు డబ్బిచ్చే ఆఫీసే మూతపడ్డ కాలంలో, దేశానికి ఈ చివర, వానలో పండగ!

జూలై 11, గురువారం

పొద్దున అగస్టీన్ వీధికి వెళ్లాను, ఫిల్మ్ బోర్డు ఒకప్పుడు ఉన్న చోటు కదా అని. చూడ్డానికి ఏమీ లేదు. ఆఫీసులు ఖాళీ అయ్యాక ఏం మిగులుతుంది?

దాని కథ మాత్రం బాగుంటుంది. జాన్ హ్యూస్టన్ అనే హాలీవుడ్ దర్శకుడు ఈ గాల్వే కౌంటీలోనే ఒక పాత భవంతి కొనుక్కుని ఉండేవాడు. ఆయన అధ్యక్షతన ఒక కమిటీ వేస్తే, 1968లో నివేదిక ఇచ్చింది. దాని మీద చట్టం రావడానికి 1980 అయింది. పన్నెండేళ్లు. మన ఫైళ్లే నిదానం అనుకుంటాం. బోర్డు కొన్నేళ్లు నడిచి 1987లో ఆగింది. ఆగిన కాలంలోనే జిమ్ షెరిడన్ తీసిన 'మై లెఫ్ట్ ఫుట్'కి 1990లో రెండు ఆస్కార్లు వచ్చాయి, 1993 వసంతంలో దర్శకుడు నీల్ జోర్డన్‌కి స్క్రిప్టు రాసినందుకు ఇంకొకటి. అదే ఏడాది మైకేల్ డి. హిగ్గిన్స్ మంత్రిగా బోర్డుని మళ్లీ తెరిచాడు. ఆయన గాల్వే ఎంపీ, తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. బోర్డు ఆఫీసుని డబ్లిన్‌లో పెట్టకుండా గాల్వేకి తెచ్చారు, అధ్యక్షురాలిగా లీలియా డూలన్‌ని కూర్చోబెట్టారు. టీవీ కుర్చీ వదిలేసి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. మూడేళ్లే ఆ పదవిలో ఉన్నారు. ఈ బోర్డే ఇప్పుడు స్క్రీన్ ఐర్లండ్.

మా అనంతపురం పిల్ల చదివే క్యాంపస్‌లోనే హ్యూస్టన్ పేరు మీద ఫిల్మ్ స్కూల్ ఉంది. రోజూ దాని ముందు నుంచే పోతుందట. "ఎవరో డోనర్ అనుకున్నా ఆంటీ" అంది.

మధ్యాహ్నం చార్లీ బర్న్స్ అనే పాత పుస్తకాల షాపులో ఆ 1969 పుస్తకం కోసం వెతికాను. గదిలోంచి గది, అందులోంచి ఇంకో గది, మన కోఠి పుస్తకాల వీధికి పైకప్పు వేసినట్టుంది. దొరకలేదు. అబ్బాయి మూడు అరలు దించి చూసి, నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

రాత్రి క్వే స్ట్రీట్‌లో చేపలు, చిప్స్, 15 యూరోలు. కాడ్ చేప తాజాగా, పిండి పూత కరకరలాడుతూ చాలా బాగుంది. ఉప్పు, వెనిగర్ తప్ప ఏమీ వేయరు. పక్కన ఎవరూ చూడకుండా బ్యాగులోంచి కందిపొడి సీసా తీశాను. ఎదురు బల్ల మీది చిన్నపిల్ల చూసేసింది. వాళ్లమ్మ అనుమతితో దానికీ ఒక చిటికెడు పెట్టాను. మొహం ఎర్రబడి, నీళ్లు తాగి, ఇంకాస్త పెట్టమంది.

జూలై 12, శుక్రవారం

ఈ రోజు గురించి అయితే ఎంతైనా రాయగలను.

పొద్దున టౌన్ హాల్‌లో షార్ట్ ఫిల్మ్‌లు. మేయో ఆవిడ నాకు సీటు ఆపింది. చుట్టూ చూస్తే సగం హాలు బంధువులే. దర్శకుడి మేనత్తలు, కెమెరా అమ్మాయి తాతయ్య, ఎవరిదో బాల్య స్నేహితుల బెటాలియన్. పేర్లు పడుతున్నప్పుడు ఒక్కో పేరుకి ఒక్కో మూల నుంచి కేక. ఆవిడ కొడుకు పేరు ఆఖర్న, చిన్న అక్షరాల్లో, రెండు సెకన్లు వచ్చింది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నలిపేసింది. సినిమా కథేమిటో ఆవిడకి పట్టలేదు. "వర్షం శబ్దం విన్నావా? అది మావాడిది" అంది. నిజంగానే వర్షం చాలా బాగుంది. నేనూ శబ్దంతో బతికినదాన్నే కదా, పైకప్పు రేకు మీద పడే వానా ఆకు మీద పడే వానా విడివిడిగా వినిపించాయి. కొడుక్కి ఆ మాట చెబితే సిగ్గుపడి, రేకు వాన తమ ఇంటి పశువుల కొట్టంలో రికార్డు చేశానన్నాడు.

రాత్రి రోయింగ్ క్లబ్. థియేటర్‌కి దగ్గర్లోనే, కోరిబ్ నది ఒడ్డున పడవ పందాల వాళ్ల క్లబ్బు. ఫ్లాకి వచ్చినవాళ్లంతా సినిమాలయ్యాక చేరేది అక్కడే. లోపల పట్టక జనం బయట నీళ్ల దాకా నిలబడతారు. పదిన్నరకి కూడా వెలుతురు పోలేదు. నేను మంగళగిరి చీర మీద రెయిన్‌కోటు వేసుకుని, ఈ గుంపులో నన్నెవరు పలకరిస్తారులే అనుకుంటూ వెళ్లాను.

1986లో హైదరాబాద్‌లో ఫిల్మోత్సవ్ జరిగినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పాసు మెళ్లో వేసుకుని తిరిగాను. సినిమాలు అద్భుతం. కానీ తెర మీది మనుషులు వస్తే తాడు కట్టేవారు. తాడుకి ఇవతల మేము, అవతల వాళ్లు. ఇప్పుడు మన ఆడియో ఫంక్షన్లలో తాడు పోయి బౌన్సర్లు వచ్చారు. ఇక్కడ బార్ దగ్గర నా వెనక నిలబడ్డాయన మొహం ఎక్కడో చూసినట్టుందే అని ఆలోచిస్తే, మా అమ్మాయి ఇంట్లో టీవీ సీరీస్‌లో పోలీసాఫీసరు. అతని ముందు నేను, నా ముందు ఎవరో వాలంటీర్ కుర్రాడు, ఒకటే లైను. ఎవరూ సెల్ఫీ అడగరు. గుర్తుపట్టినట్టు కూడా కనపడనివ్వరు. అది వాళ్ల మర్యాద. కాస్త కష్టమైన మర్యాద, నేను రెండుసార్లు వెనక్కి తిరిగాను.

ఇక రౌండ్ల సంగతి. ఇక్కడ ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోరు. గుంపులో ఒకరు లేచి అందరికీ తెస్తారు, అయ్యాక ఇంకొకరు. అదే రౌండు. లెక్క ఎవరూ రాసుకోరు, కానీ ఎవరి వంతు వచ్చిందో అందరికీ తెలుసు. బల్లకి ఐదుగురం చేరాం. మేయో ఆవిడ, ఆమె కొడుకు, స్క్రిప్టు అమ్మడానికి బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన అమ్మాయి, రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన, నేను. మాస్టారు పదిహేనేళ్లుగా ఫ్లాలో వాలంటీరు, టికెట్లు చింపుతాడు. నేను తాగనని ముందే చెప్పాను. "మరేం పర్లేదు" అని నాకు ఆరెంజ్ సోడా తెచ్చారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. నాలుగో రౌండుకి ఎవరూ నా వైపు చూడలేదు, అందరూ కావాలని నది వైపు చూశారు. అర్థమైంది.

జన్మలో మొదటిసారి మద్యం కొనడానికి లేచాను. మా ఇంట్లో ఆ సీసా పేరు ఎత్తితేనే మా అత్తగారు చెవులు మూసుకునేవారు. బార్ కుర్రాడికి చిట్టీ చూసి చదివాను: మూడు గిన్నిస్, అంటే నల్ల బీరు, ఒక సైడర్, అంటే ఆపిల్ మద్యం, ఒక ఆరెంజ్. గిన్నిస్ సగం పైగా పోసి పక్కన పెట్టాడు. మర్చిపోయాడేమో అని గుర్తుచేశాను. వెనకున్న పోలీసాఫీసరు వంగి, "దాన్ని తొందరపెట్టకూడదమ్మా, కుదురుకోవాలి" అన్నాడు. సరే, పాలు తోడుకోవడానికి ఆగినట్టు ఆగాను. 26 యూరోల 40 సెంట్లు. రెండు వేల మూడు వందల రూపాయల పైన! ట్రే పట్టుకుని చీర కుచ్చిళ్లు తొక్కకుండా నది ఒడ్డు దాకా తెచ్చేసరికి చుట్టుపక్కల బల్లల వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

సౌండ్ కుర్రాడు 'ఆర్‌ఆర్‌ఆర్' రెండుసార్లు చూశాడట. వాడికో ఫిర్యాదు ఉంది. "మీ సినిమాలో ఆ దుర్మార్గపు బ్రిటిష్ గవర్నరూ, ఆయన భార్యా, ఇద్దరూ మావాళ్లే" అన్నాడు. నిజమే, రే స్టీవెన్‌సన్ పుట్టింది ఇప్పటికీ యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోని లిస్బర్న్‌లో, ఆలిసన్ డూడీది డబ్లిన్. "బ్రిటిష్ వాళ్ల చేతిలో మేమూ మీలాగే పడ్డాం కదా, మమ్మల్నే బ్రిటిష్ వాళ్లని చేస్తారా?" బెల్‌ఫాస్ట్ అమ్మాయి, "లిస్బర్న్ సంగతి జాగ్రత్తగా మాట్లాడు" అంది. తర్వాత పావుగంట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గట్టిగా వాదించుకున్నారు, మళ్లీ గ్లాసులు తాకించుకున్నారు.

మాస్టారు దగ్గర లీలియా డూలన్ మాట ఎత్తాను. ఆయన పెద్ద పెద్ద విశేషణాలేమీ వాడలేదు. ఆవిడ 2011లో బెర్నడెట్ డెవ్లిన్ మీద డాక్యుమెంటరీ తెచ్చిన సంగతి చెప్పాడు. ఇరవై ఒకటో ఏట బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైన బెర్నడెట్. డెబ్బై దాటిన వయసులో, ఏళ్ల తరబడి తీశారట. ఊళ్లో మంచి సినిమాలకు ఒక హాలు కావాలని పట్టుబట్టి తిరిగిందీ ఆవిడేనన్నాడు, అది 2018కి తయారైంది. "రేపు చూడు, పాలస్" అన్నాడు. నేను రాజీనామా గురించి అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, అది పేపర్లో చదివి మా నాన్న టీవీ కట్టేశాడు, రెండు రోజులు" అన్నాడు.

సొరుగులో ఉత్తరం సంగతి ఆయనకి చెప్పాను. ఇరవై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. నది చప్పుడులో ఆయనకి ఎంత వినపడిందో తెలియదు. "ఇంకా ఉందా ఆ ఉత్తరం?" అని మాత్రం అడిగాడు.

జూలై 13, శనివారం

సెయింట్ నికొలస్ చర్చి పక్కన శనివారం సంత. వేడి డోనట్లు, ఆలివ్‌లు, సమోసాలూ ఉన్నాయి. సమోసా కొనలేదు, పగబట్టినట్టు డోనట్లే తిన్నాను. ఒకాయన దగ్గర వంకాయలు కనపడితే నాలుగు తెచ్చి, పిల్లలకి గుత్తి వంకాయ, పప్పుచారు చేశాను. ఖమ్మం పిల్ల ఏడ్చింది. మిరపకాయ ఘాటు అంది.

సాయంత్రం గుంటూరు పిల్లని వెంటబెట్టుకుని పాలస్‌కి వెళ్లాను. నదికి దగ్గర సన్న వీధిలో నిటారుగా, టవర్‌లా, రంగు రంగుల కిటికీలతో ఉంటుంది. టామ్ డి పౌర్ అనే ఆర్కిటెక్టు కట్టాడు. లోపల మెట్లే మెట్లు, నా మోకాళ్లు ఆర్కిటెక్టుని తిట్టాయి. సినిమా అంతంతమాత్రం. బయటికొచ్చాక ఆ పిల్ల, సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైం చేస్తుంది, ఏడాదిగా ఈ ఊళ్లో ఉండి సినిమాకి రావడం ఇదే మొదలంది. టికెట్ డబ్బుల లెక్క కాదట. "ఒక్కదాన్నే వెళ్తే ఏమనుకుంటారో అని ఆంటీ." ఎవరేమనుకుంటారు అని అడగబోయి ఊరుకున్నాను. నాకు అరవై రెండేళ్లొచ్చాక కుదిరింది.

జూలై 14, ఆదివారం

పొద్దున్నే ఊరంతా మెరూన్ రంగు, గాల్వే జట్టు రంగు. గేలిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్, డబ్లిన్‌లో గాల్వేకీ డొనెగాల్‌కీ. మా పిల్లలు ముగ్గురూ వెతికి వెతికి మెరూన్ కుర్తీలు వేసుకున్నారు. స్కోరు 1-14, 0-15 అని పడింది. చివరిదాకా ఎవరు గెలిచారో నాకు తెలియలేదు. మొదటి అంకె గోల్స్, రెండోది పాయింట్లు, గోల్‌కి మూడు పాయింట్లట, అంటే గాల్వే రెండు పాయింట్లతో గెలిచింది. ముక్కూమొహం తెలియని ముసలాయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు, నేనే గోల్ కొట్టినట్టు.

ఫ్లా బహుమతులు కూడా ఆ రోజే. 'నీక్యాప్'కి ప్రేక్షకుల బహుమతితో కలిపి మూడొచ్చాయి. నేను వానలో తడిసి చూడలేకపోయిన సినిమా అదే. మేయో కుర్రాడి షార్ట్ ఫిల్మ్‌కి ఏమీ రాలేదు. వాళ్లమ్మ, "వర్షానికి వేరే బహుమతి ఉండాలి" అంది.

రాత్రి క్లబ్‌కి వెళ్లే దారిలో ఒక పబ్బులో ఆగిపోయాం. యూరో కప్ ఫైనల్, స్పెయిన్, ఇంగ్లండ్. పబ్బులో స్పెయిన్ వాళ్లు ఒక్కరూ లేరు, అందరూ స్పెయిన్ వైపే. బెల్‌ఫాస్ట్ అమ్మాయి మాత్రం నవ్వి ఏమీ అనలేదు. 86వ నిమిషంలో స్పెయిన్ రెండో గోల్ కొట్టినప్పుడు సీలింగ్ ఊడిపోతుందనుకున్నాను. మాస్టారి గ్లాసు నా చీర మీద పడింది. ఆ మరక మొన్న ఇక్కడ డ్రైక్లీనింగ్ వాడికి ఏమని చెప్పాలో తెలియక, కాఫీ అని చెప్పాను.

నాలుగో రౌండు నాదని ఈసారి నాకే గుర్తుంది. పర్సు తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్తే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. అయిపోయిందట, ఇచ్చేశారట. వెనక్కి తిరిగితే మేయో ఆవిడ నది ఉన్న దిక్కుకి మొహం తిప్పుకుంది. "ఇదేం న్యాయం?" అన్నాను. "వచ్చే ఏడు" అంది.

మర్నాడు పొద్దున బస్సులో కూర్చుని ఖర్చుల పుస్తకం తీశాను. చేపలు 15, డోనట్లు 6, గొడుగు 12, అది మూడు గంటలే బతికింది. కింద ఒక గీత గీసి రాశాను. బాకీ: మూడు గిన్నిస్, ఒక సైడర్, ఒక ఆరెంజ్.